ఆల్ప్స్ పర్వతాల్లోని చిన్న ఊళ్ళకు వేసవి ప్రయాణం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆల్ప్స్ పర్వతశ్రేణి ఫ్రాన్స్ నుంచి స్లొవేనియా వరకు సుమారు 1,200 కిలోమీటర్ల పొడవున విస్తరించి ఉంది. అందులో పేరున్న శిఖరాలను చూసి రావడం వేరు, వాటి పాదాల దగ్గర ఉన్న ఊళ్ళలో కొన్నాళ్ళు గడపడం వేరు. ఈ సమాధానాలు రెండో కోరిక ఉన్నవారి కోసం రాసినవి.

ఆల్ప్స్‌లో వేసవి అంటే ఏ నెలలు? ఎప్పుడు వెళితే మంచిది?

క్యాలెండరు ప్రకారం జూన్, జూలై, ఆగస్టు వేసవి నెలలే అయినా, కొండల్లో వేసవి ఎత్తును బట్టి వస్తుంది. ప్రతి వెయ్యి మీటర్లకు సుమారు 6.5 డిగ్రీల చొప్పున ఉష్ణోగ్రత తగ్గుతుంది కాబట్టి, లోయలో గడ్డి కోతకు వచ్చిన రోజుల్లో కూడా 2,500 మీటర్ల పైన కాలిబాటలు మంచు కింద ఉండవచ్చు. ఆ మంచు చాలాచోట్ల జూలై మొదటి వారానికి గానీ పూర్తిగా కరగదు.

మే నెల చూసి మోసపోకూడదు. లోయలో చెట్లు చిగిర్చి అందంగానే ఉంటుంది గానీ, శీతకాలపు సందడి ముగిసిన తరువాత చాలా కేబుల్ కార్లను మరమ్మతుల కోసం ఆపివేస్తారు, చిన్న హోటళ్ళు కూడా కొన్ని వారాలు మూసివేస్తారు. ఇటలీలోని డోలమైట్స్ ప్రాంతంలో ఎక్కువ భాగం లిఫ్టులు జూన్ మధ్యలో గానీ తెరుచుకోవు. స్విట్జర్లాండ్‌లోని ఫుర్కా, గ్రిమ్సెల్, సుస్టెన్ వంటి ఎత్తైన కనుమల రోడ్లు కూడా సాధారణంగా జూన్‌లోనే తెరుస్తారు.

పూలు చూడాలనుకునే వారికి జూన్ మధ్య నుంచి జూలై మధ్య వరకు ఉన్న నెలరోజులను మించిన సమయం లేదు. గడ్డి కోతలు కింది నుంచి పైకి సాగుతాయి కనుక, లోయలో పూలు అయిపోయినా పై మైదానాల్లో ఇంకా విరబూసి ఉంటాయి. ఎత్తైన దారుల్లో దూరం నడవాలనుకునేవారు జూలై మధ్య తరువాత రావాలి. ఆగస్టు 15 ఇటలీ, ఆస్ట్రియా, ఫ్రాన్స్ దేశాల్లో సెలవు దినం, ఇటలీలో అయితే ఆ వారమంతా ఊళ్ళకు ఊళ్ళే కొండల మీదకు చేరతాయి. వీలుంటే ఆ వారాన్ని వదిలిపెట్టండి.

నన్ను అడిగితే సెప్టెంబరు మొదటి మూడు వారాలే అన్నిటికంటే మంచివి. ఉరుముల వానలు తగ్గుతాయి, గాలి తేటపడి దూరపు శిఖరాలు స్పష్టంగా కనబడతాయి. వేసవంతా పై మేతల్లో గడిపిన ఆవులను కిందికి తోలుకువచ్చే ఊరేగింపులు కూడా అప్పుడే జరుగుతాయి. ఆస్ట్రియాలోని టిరోల్‌లో ఆ వేసవిలో మందకు ఏ నష్టమూ జరగకపోతేనే ఆవుల తలలకు పూలకిరీటాలు కడతారు.

ఏ దేశం, ఏ లోయ ఎంచుకోవాలి?

దేశాన్ని కాక లోయను ఎంచుకోండి. మిగతా నిర్ణయాలన్నీ ఆ తరువాత తేలిక అవుతాయి.

మొదటిసారి వెళ్ళేవారికి స్విట్జర్లాండ్‌లోని లౌటర్‌బ్రున్నెన్ లోయను నేను నిస్సంకోచంగా సూచిస్తాను. లోయ అడుగు భాగం సుమారు 800 మీటర్ల ఎత్తులో ఉంటుంది, రెండు వైపులా నిలువు రాతిగోడలు, వాటి మీంచి దూకే జలపాతాలు, వాటిలో దాదాపు 300 మీటర్ల ఎత్తున్న స్టౌబ్‌బాఖ్ ఊరి చర్చి వెనకనే కనిపిస్తుంది. ఆ గోడల మీద, ఒకవైపు వెంగెన్, రెండోవైపు మ్యూరెన్, గిమ్మెల్‌వాల్డ్ ఉన్నాయి. ఈ మూడింటికీ బయటి నుంచి కార్లు రావు, రైలు గానీ కేబుల్ కారు గానీ ఎక్కవలసిందే. గిమ్మెల్‌వాల్డ్‌లో సాయంత్రం పూట నడిస్తే, ఎండలో నల్లబడిన చెక్క ఇళ్ళు, చూరుకింద కొలతపెట్టి పేర్చిన కట్టెలు, ఏటవాలులో మర దిగలేని చోట పంగల కర్రతో గడ్డిని ఆరబోస్తున్న మనుషులు కనబడతారు. అక్కడ పర్యాటకం ఉన్నా, ఊరు ఇంకా వ్యవసాయం మీదే నడుస్తున్నట్టు తెలుస్తుంది.

తూర్పున ఎంగడిన్ లోయలోని గుఆర్దా మరో తీరు ఊరు. అక్కడి మందపాటి ఇంటిగోడల మీద సున్నపు పూతను గీకి చేసిన బొమ్మలుంటాయి, ఊరివాళ్ళు మాట్లాడేది రోమాన్ష్, స్విట్జర్లాండ్ నాలుగు జాతీయ భాషల్లో ఒకటి.

డోలమైట్స్‌లో గార్దేనా లోయ, ఫూనెస్ లోయ ప్రశాంతమైనవి. ఇక్కడ ఒక చిక్కు ముందే తెలుసుకోవాలి: ఒక్కో ఊరికి ఇటాలియన్, జర్మన్, లాదిన్ భాషల్లో మూడు పేర్లు ఉంటాయి. ఓర్టిసేయ్ అన్నా, సాంక్ట్ ఉల్రిఖ్ అన్నా, ఊర్తియెయ్ అన్నా ఒకే ఊరు. బస ఒక పేరుతో, బస్సు మరో పేరుతో చూసుకుని రెండు వేరు ఊళ్ళనుకుని కంగారుపడేవారు ఎందరో. ఆ ఊరి పైన ఉన్న ఆల్పె ది సియూసి సుమారు 56 చదరపు కిలోమీటర్ల పచ్చిక మైదానం, యూరప్‌లో ఇంత ఎత్తున ఇంత పెద్ద మైదానం మరొకటి లేదు. ఉదయం 9 నుంచి సాయంత్రం 5 వరకు అక్కడి రోడ్డు మీదికి ప్రైవేటు కార్లను అనుమతించరు, కేబుల్ కారులో వెళ్ళాలి.

ఖర్చు తగ్గించుకోదలచినవారు ఆస్ట్రియాలోని టిరోల్ వైపు గానీ, స్లొవేనియాలోని బోహిన్ సరస్సు, సోచా నది లోయ వైపు గానీ చూడవచ్చు. జర్మనీలో మిట్టెన్‌వాల్డ్ వయొలిన్ల తయారీకి పేరుపొందిన ఊరు, ఇళ్ళ గోడలన్నీ చిత్రాలతో నిండి ఉంటాయి.

పది రోజుల్లో ఎన్ని ఊళ్ళు చూడవచ్చు?

రెండు. గట్టిగా అనుకుంటే మూడు.

ఈ ఒక్క మాట వింటే తక్కిన పొరపాట్లు చాలావరకు వాటంతట అవే తప్పుతాయి. కొండల్లో దూరాన్ని కిలోమీటర్లలో కాదు, గంటల్లో లెక్కించాలి. పటంలో పక్కపక్కనే కనబడే రెండు ఊళ్ళ మధ్య ఒక శిఖరం అడ్డుంటే, చుట్టూ తిరిగి వెళ్ళడానికి సగం రోజు పడుతుంది. నా మొదటి ప్రయాణంలో తొమ్మిది రోజులకు ఆరు బసలు పెట్టుకున్నాను. ప్రతి ఉదయం సామాను సర్దుకోవడం, మధ్యాహ్నం కొత్త ఊరిలో గది తాళం కోసం ఎదురుచూడడం, ఈలోగా శిఖరాలు మబ్బుల్లో మునిగిపోవడం తప్ప ఆ ప్రయాణంలో పెద్దగా మిగిలింది లేదు.

దీని వెనుక అసలు కారణం వాతావరణం. జూలై, ఆగస్టు నెలల్లో ఉదయం తేటగా ఉన్న ఆకాశం మధ్యాహ్నానికి మబ్బు పట్టి, సాయంత్రానికి ఉరుములతో కురవడం అక్కడ మామూలు. ఒక్కోసారి రెండు మూడు రోజులు ముసురు పడుతుంది. ఒక ఊరిలో ఒక్క రాత్రి ఉన్నవారికి ఆ ఒక్క ఉదయం ఎలా ఉంటే అంతే, నాలుగు రాత్రులు ఉన్నవారు మాత్రం మంచి ఉదయాన్ని చూసుకుని పైకి వెళ్ళి, మిగతా రోజులు కింద గడపవచ్చు. కాబట్టి ఏ రోజు ఏ కొండ ఎక్కాలో ఇంట్లో కూర్చుని తేదీలతో రాసుకోకండి. చేయదలచిన పనుల జాబితా ఉంటే చాలు, ఏ పని ఏ రోజన్నది ముందురాత్రి తేల్చుకోవచ్చు.

పేరున్న ఊరికి వెళ్ళాలా, తెలియని ఊరికి వెళ్ళాలా?

పేరు ఊరికే రాదు కాబట్టి పేరున్న ఊళ్ళను పూర్తిగా మానుకోమని చెప్పను. కానీ ఎలా వెళ్ళాలన్నది ఆలోచించాలి. ఆస్ట్రియాలోని హాల్‌స్టాట్‌లో ఉండేది దాదాపు 750 మంది, రద్దీ రోజుల్లో వచ్చేవారు వేలల్లో ఉంటారు. 1997లో యునెస్కో వారసత్వ ప్రదేశంగా గుర్తింపు పొందిన ఆ ఊరిని మధ్యాహ్నం రెండు గంటలు చూసి వెళితే గుంపు తప్ప ఏమీ గుర్తుండదు. రైల్వే స్టేషన్ సరస్సుకు అవతలి ఒడ్డున ఉంటుంది, దిగి పడవలో ఊరికి రావాలి. అలా వచ్చి ఒక రాత్రి ఉన్నవారికి, బస్సులు వెళ్ళిపోయాక సాయంత్రం, అవి రాకముందు ఉదయం ఊరు ప్రశాంతంగా దొరుకుతుంది. ఊరివారి ఇళ్ళ ముంగిట్లోకి వెళ్ళి ఫోటోలు తీయకపోవడం మన మర్యాద.

ఇటలీలోని బ్రాయెస్ సరస్సుకు జూలై 10 నుంచి సెప్టెంబరు 10 వరకు పగటివేళ ముందుగా బుక్ చేసుకోకుండా కారులో వెళ్ళనివ్వరు. ఏటా నియమాల్లో చిన్న మార్పులుంటాయి, బయలుదేరేముందు చూసుకోండి.

రైలు మంచిదా, కారు మంచిదా?

స్విట్జర్లాండ్‌లో రైలే మంచిది. అక్కడ రైలు, బస్సు, పడవ, కేబుల్ కారు అన్నీ ఒకదానికొకటి అందేలా వేళలు కుదిర్చి ఉంటాయి. రైలు దిగగానే స్టేషన్ ముందు పసుపుపచ్చ పోస్టు బస్సు సిద్ధంగా ఉంటుంది. మారడానికి ఐదు నిమిషాలే ఉన్నా సామాను తక్కువైతే చాలు. జెర్మాట్ వంటి ఊళ్ళకు కారు ఉన్నా పనికిరాదు, ఐదు కిలోమీటర్ల ముందే టేష్‌లో ఆపి రైలెక్కవలసి ఉంటుంది.

డోలమైట్స్‌లో, ఆస్ట్రియాలోని లోతైన లోయల్లో కారు ఉంటే కొంత వెసులుబాటు ఉంటుంది. అయితే స్విట్జర్లాండ్ మోటారు రహదారులకు 40 ఫ్రాంకుల వార్షిక రుసుము స్టిక్కరు తప్ప రోజుల లెక్కన దొరకదు, ఆస్ట్రియాలో మాత్రం ఒక రోజుకు, పది రోజులకు కూడా తీసుకోవచ్చు. ఆస్ట్రియాలోనే 1935లో ప్రారంభమైన గ్రోస్‌గ్లాక్నర్ పర్వత రహదారికి విడిగా రుసుము చెల్లించాలి. 48 కిలోమీటర్ల పొడవు, 36 మలుపులు ఉన్న ఆ రోడ్డు 2,504 మీటర్ల దాకా ఎక్కుతుంది, తెల్లవారగానే వెళితే రద్దీ తక్కువ. దిగేటప్పుడు బ్రేకు మీద కాలు నొక్కిపెట్టి ఉంచకుండా చిన్న గేరులో దిగాలి. స్విట్జర్లాండ్ కొండదారుల్లో నీలిరంగు మీద పసుపు కొమ్ముబూర గుర్తు కనబడితే, అక్కడ పోస్టు బస్సుకు దారి ఇవ్వడం మన బాధ్యత, డ్రైవరు వెనక్కి జరపమంటే జరపాలి.

గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్, బెర్నీనా ఎక్స్‌ప్రెస్ తప్పకుండా ఎక్కాలా?

ఇవి పెద్ద కిటికీలున్న పర్యాటక రైళ్ళు. దారి చూడదగ్గది, ఆ పెట్టెల్లోనే కూర్చోవాలన్న నియమం మాత్రం లేదు. బెర్నీనా మార్గం, దానికి ముందున్న ఆల్బులా మార్గం కలిసి 2008లో యునెస్కో జాబితాలో చేరాయి. 65 మీటర్ల ఎత్తున్న లాండ్‌వాసర్ వంతెన, 2,253 మీటర్ల ఎత్తున్న ఓస్పిత్సియో బెర్నీనా స్టేషన్ ఆ దారిలోనివే. అవే పట్టాల మీద మామూలు రైళ్ళు కూడా నడుస్తాయి, వాటికి రిజర్వేషన్ అక్కర్లేదు, నచ్చిన స్టేషన్‌లో దిగి తరువాతి రైలులో వెళ్ళవచ్చు. నా ఓటు మామూలు రైలుకే. జెర్మాట్ నుంచి సెయింట్ మోరిట్జ్ వరకు గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్‌లో దాదాపు ఎనిమిది గంటలు కూర్చోవడం చిన్నపిల్లలకు కష్టం కూడా.

స్విస్ ట్రావెల్ పాస్ కొనడం లాభమా?

మీరు తిరిగే తీరును బట్టి ఉంటుంది. 3, 4, 6, 8, 15 రోజులకు దొరికే ఈ పాస్‌తో రైళ్ళు, బస్సులు, పడవలు ఎక్కవచ్చు. పర్వత రైళ్ళలో చాలావాటికి మాత్రం సగం రాయితీయే, ఎత్తైన యుంగ్‌ఫ్రౌయోఖ్ స్టేషన్‌కు అయితే 25 శాతమే. ఒకే లోయలో ఉండి కొండలెక్కేవారికి, సగం ధరకు టిక్కెట్లిచ్చే హాఫ్ ఫేర్ కార్డు తరచుగా చవక అవుతుంది. పిల్లలు వెంట ఉంటే ఫ్యామిలీ కార్డు అడగండి, తల్లిదండ్రులతో ప్రయాణించే 16 ఏళ్ళ లోపు పిల్లలకు టిక్కెట్టు ఉండదు.

వీసా ఎప్పుడు, ఏ దేశానికి తీసుకోవాలి?

వీసా అవసరమైన పాస్‌పోర్టు ఉన్నవారు యూరప్ దేశాల ఉమ్మడి వీసా అయిన షెంగెన్ వీసా ఒక్కటి తీసుకుంటే ఆల్ప్స్ దేశాలన్నిటికీ సరిపోతుంది. స్విట్జర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేకపోయినా 2008 నుంచి షెంగెన్‌లో ఉంది. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో గడుపుతారో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి, ఆలస్యమైనా 15 రోజుల ముందు లోగా దరఖాస్తు ఇవ్వాలి. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. కొండ మీద నుంచి హెలికాప్టరులో తీసుకువచ్చే ఖర్చు ఆ బీమాలో ఉందో లేదో చదివి చూసుకోండి.

బస ఎక్కడ, ఎప్పుడు కుదుర్చుకోవాలి?

చిన్న ఊరంటే గదులు తక్కువని అర్థం. జూలై, ఆగస్టు నెలలకు ఐదారు నెలల ముందే చూసుకోవాలి. ఆస్ట్రియాలో, ఇటలీలోని దక్షిణ టిరోల్‌లో రైతుల ఇళ్ళలో గదులు అద్దెకిస్తారు, కుటుంబాలకు అవి హోటళ్ళ కంటే ఎంతో మేలు. ఇంకొక విషయం, చాలా ఊళ్ళలో బస చేసినవారికి అతిథి కార్డు ఇస్తారు. దక్షిణ టిరోల్‌లో ఆ కార్డుతో ఆ ప్రాంతమంతటా బస్సులు, ప్రాంతీయ రైళ్ళు ఉచితం. వచ్చిన రోజే అడిగి తీసుకోండి.

కొండ మీది ఆశ్రయ గృహాల్లో ఉండదలిస్తే ముందే చోటు చెప్పిపెట్టుకోవాలి. పడుకోవడానికి పలుచని గుడ్డ సంచి మనమే తీసుకెళ్ళాలి. రాత్రి పదింటికి దీపాలు ఆర్పేస్తారు.

ఎత్తైన శిఖరం మీదికి రైలులో వెళ్ళేటప్పుడు ఏం గమనించాలి?

ముందు మబ్బును, తరువాత శరీరాన్ని. 1912లో తెరిచిన యుంగ్‌ఫ్రౌయోఖ్ స్టేషన్ 3,454 మీటర్ల ఎత్తులో ఉంది. టిక్కెట్టు ఖరీదైనది, మబ్బు పట్టిన రోజు పైన తెల్లటి గోడ తప్ప ఏమీ కనబడదు. అందుకే ప్రతి శిఖరం మీదా పెట్టిన కెమెరాల ప్రత్యక్ష చిత్రాన్ని ఉదయం లేవగానే చూసి, ఆ తరువాతే టిక్కెట్టు కొనాలి. లోయకూ అక్కడికీ దాదాపు 17 డిగ్రీల తేడా ఉంటుంది. గంటన్నరలో అంత ఎత్తుకు వెళ్ళడం వల్ల తలనొప్పి, ఆయాసం కొందరికి వస్తాయి, నెమ్మదిగా నడవాలి, నీళ్ళు తాగుతుండాలి, తగ్గకపోతే వెంటనే దిగిపోవాలి. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్న పెద్దవారు వైద్యుణ్ణి అడిగే వెళ్ళాలి.

ఆ ఎత్తు వద్దనుకునేవారు వెంగెన్ పైనున్న మెన్లిఖెన్ నుంచి క్లైనె షైడెగ్ వరకు ఉన్న దారిలో నడవండి. కేబుల్ కారులో పైకి వెళ్ళి, నాలుగున్నర కిలోమీటర్లు దాదాపు దిగుతూనే నడుస్తుంటే ఐగర్, మ్యోంఖ్, యుంగ్‌ఫ్రౌ శిఖరాలు మూడూ ఎదురుగా ఉంటాయి. పెద్దవాళ్ళు, పిల్లలు కలిసి నడవగలిగిన దారి అది.

కాలిబాటల గుర్తులను ఎలా చదవాలి?

స్విట్జర్లాండ్‌లో సుమారు 65,000 కిలోమీటర్ల కాలిబాటలకు గుర్తులు పెట్టి ఉంచారు. పసుపు గుర్తు ఉన్నది అందరూ నడవగల దారి. తెలుపు, ఎరుపు, తెలుపు పట్టీలున్నది పర్వతపు దారి, అక్కడ తడబడని అడుగు, గట్టి బూట్లు అవసరం. తెలుపు, నీలం, తెలుపు పట్టీలు కనబడితే తాడు, అనుభవం లేనివారు వెనుదిరగాలి. సరిహద్దు దాటితే రంగుల అర్థం మారుతుంది, ఆస్ట్రియాలో ఎరుపు, తెలుపు, ఎరుపు గీతలు దారిని మాత్రమే చూపుతాయి, కష్టాన్ని చెప్పవు.

పలక మీద దూరం బదులు సమయం రాసి ఉంటుంది. అందులో విశ్రాంతి కలపలేదు. అలవాటు లేనివారు దానికి సగం అదనంగా వేసుకుని, చివరి కేబుల్ కారు వేళతో పోల్చుకోవాలి. పొద్దు రాత్రి తొమ్మిది దాటేవరకు ఉన్నా, కేబుల్ కార్లు సాయంత్రం ఐదారింటికే ఆగిపోతాయి.

ఆవుల మందలోంచి దారి పోతే, దూడలున్న తల్లికి దూరంగా చుట్టు తిరిగి వెళ్ళండి. తెరిచిన గేటును మళ్ళీ మూయండి. పొడవు పెరిగిన గడ్డిలోకి దిగి ఫోటోలు తీసుకోకండి, అది ఆ రైతు శీతకాలానికి దాచుకునే మేత.

శాకాహారులకు భోజనం దొరుకుతుందా?

దొరుకుతుంది, కానీ అడిగి తినాలి. స్విట్జర్లాండ్‌లో బంగాళాదుంప రోస్టి, ఆపిల్ గుజ్జుతో ఇచ్చే మాకరోని, జున్ను వంటకం ఏల్ప్లర్‌మాగ్రోనెన్, ఆస్ట్రియాలో జున్ను కలిపిన కేజెష్‌పెట్స్‌లె నూడుల్స్, ఇటలీ వైపు మొక్కజొన్న పిండితో చేసే పొలెంటా కడుపు నింపుతాయి. వీటిలో పందిమాంసం ముక్కలు చల్లడం అలవాటు, సూపుల్లో మాంసపు రసం ఉంటుంది. సాంప్రదాయిక జున్నులు చాలావాటిలో దూడ కడుపు నుంచి తీసిన తోడు వాడతారు, అది పట్టింపు ఉన్నవారు లేబులు చూసుకోవాలి. పల్లె దుకాణాలు ఆదివారం మూసి ఉంటాయి, శనివారమే రొట్టె, పాలు కొనిపెట్టుకోండి.

డబ్బు, నీళ్ళు, కరెంటు సంగతి?

స్విట్జర్లాండ్‌లో ఫ్రాంకు, మిగతా చోట్ల యూరో. కార్డు దాదాపు ప్రతిచోటా చెల్లుతుంది, అయినా చిల్లర దగ్గర ఉంచుకోవాలి, ఎందుకంటే రైతు ఇంటి ముందు జున్ను, గుడ్లు పెట్టిన అలమారుకు కాపలా ఉండదు, పక్కనున్న డబ్బాలో డబ్బు వేసి తీసుకోవాలి. తాగడానికి పనికిరావని రాసి లేకపోతే ఊరి రాతి తొట్టెల్లో పారే నీళ్ళు తాగవచ్చు. స్విస్ ప్లగ్గు పొరుగు దేశాల ప్లగ్గు లాంటిది కాదు, సన్నని రెండు పుల్లల ప్లగ్గు మాత్రం రెండుచోట్లా పడుతుంది.

ప్రమాదం వస్తే ఏం చేయాలి? కొండచరియల భయం ఉందా?

అన్ని దేశాల్లోనూ 112కు ఫోన్ చేయవచ్చు. స్విట్జర్లాండ్‌లో హెలికాప్టరు సహాయానికి 1414, ఆస్ట్రియాలో పర్వత సహాయానికి 140 ఉన్నాయి. ఉరుములు మొదలైతే శిఖరం మీద, ఒంటరి చెట్టు కింద, ఇనుప తాళ్ళున్న దారిలో ఉండకూడదు.

కొండలు ఇప్పుడు మునుపటిలా నిలకడగా లేవు. 2025 మే 28న స్విట్జర్లాండ్‌లోని లోచెన్ లోయలో హిమానీనదం కూలి బ్లాటెన్ ఊరిలో చాలా భాగం పూడిపోయింది. పర్యవేక్షణ ఉండబట్టి సుమారు 300 మంది ఊరివారిని కొద్దిరోజుల ముందే ఖాళీ చేయించారు. కాబట్టి దారికి అడ్డంగా తాడు కట్టి మూసివేసినట్టు రాసి ఉంటే, అవతల నలుగురు నడుస్తూ కనబడినా మీరు దాటవద్దు.

వాన పడిన రోజున ఏం చేయాలి?

లౌటర్‌బ్రున్నెన్‌లో ఉంటే ట్రూమ్మెల్‌బాఖ్ జలపాతానికి వెళ్ళండి. ఐగర్, మ్యోంఖ్, యుంగ్‌ఫ్రౌ హిమానీనదాల నీళ్ళు కొండ లోపలే పది మెట్లుగా దూకుతాయి, సెకనుకు 20,000 లీటర్ల దాకా పారే ఆ నీటి హోరులో పక్కమనిషి మాట వినపడదు. గార్దేనాలో ఉంటే బోల్జానోకు బస్సులో వెళ్ళి, 1991 సెప్టెంబరులో మంచులో బయటపడిన అయిదువేల ఏళ్ళనాటి మనిషి, ఓట్జీని మ్యూజియంలో చూడవచ్చు, అతని గడ్డి కూరిన చెప్పులు, రాగి గొడ్డలి కూడా అక్కడే ఉన్నాయి. హాల్‌స్టాట్‌లో అయితే ఊరి పైన ఉప్పుగని ఉంది. లోపల ఎప్పుడూ చల్లగానే ఉంటుంది కాబట్టి, వాన వెలిసినా స్వెట్టరు వెంట తీసుకెళ్ళండి.